ఒక చెవి ఖాళీగా ఉంచండి

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం మా శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న పిల్లలకి వినబడుతోందా? మీకు వినబడితే చాలు. ముందు వరుసలో పెద్దలు వినబడకపోయినా మర్యాదకి తలూపుతారు. (నవ్వులు)

లైబ్రేరియన్ గారు పోయిన వారం ఫోన్ చేసి, "నువ్వు దేశాలు తిరుగుతుంటావు కదయ్యా, ఏదైనా మంచి లైబ్రరీ గురించి కాసేపు చెప్పు" అన్నారు. చెబుతాను. కానీ నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాదు, టూర్ మేనేజర్‌ని. మనవాళ్ళని ముప్ఫై నలభై మందిని వెంటేసుకుని యూరప్ తీసుకెళ్ళి, తిప్పి, పాస్‌పోర్టులతో, మోకాళ్ళతో సహా మళ్ళీ శంషాబాద్‌లో దింపడం నా ఉద్యోగం. గైడ్ వేరు. గైడ్ ఆ ఊరి మనిషి. బస్సు దిగగానే కలుస్తారు, రెండు మూడు గంటలు ఊరు చూపించి వెళ్ళిపోతారు. నేను పక్కన నిలబడి వాళ్ళ ఇంగ్లీషుని తెలుగులో చెబుతుంటాను. ఒకే ఊరిని పదిమంది గైడ్ల నోట వింటే ఊరి సంగతి ఏమోగానీ, గైడ్ల సంగతి మాత్రం బాగా తెలిసొస్తుంది.

ఇవాళ చెప్పే ఊరు కోయింబ్రా. పోర్చుగల్‌లో ఉంది. టూర్ ప్రోగ్రామ్‌లో ఈ పేరు చూసి మా గ్రూపులో ఒక పెద్దావిడ అడిగారు, "కోయంబత్తూరు చూడ్డానికి పోర్చుగల్ దాకా ఎందుకు నాయనా?" అని. (నవ్వులు) లిస్బన్‌కి ఉత్తరంగా 200 కిలోమీటర్లు, పోర్తోకి దక్షిణంగా 120 కిలోమీటర్లు. ఆ రెండు ఊళ్ళూ చూపించే టూర్లన్నీ మధ్యలో ఇక్కడ బస్సు ఆపుతాయి. కింద మొందేగు నది. ఒడ్డున కొండ. కొండ నెత్తిన యూనివర్సిటీ. కొండ వాలంతా పాత ఊరు. మూడు గంటల్లో చూసేసి బస్సెక్కేయొచ్చు అని కాగితం మీద రాసి ఉంటుంది. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

మొదటిసారి ఏమైందో చెబుతాను, తప్పు నాదే కాబట్టి. అక్కడి పాత లైబ్రరీ చూడాలంటే టికెట్ మీద టైము వేసి ఉంటుంది. ఒక్కో బృందానికి 20 నిమిషాలు. మా టైము పదకొండు. దారిలో హైవే మీద కాఫీ కోసం బస్సు ఆపాను. 38 మంది. ఆడవాళ్ళ వైపు రెండే టాయిలెట్లు. ఇక మీరే లెక్కేసుకోండి. ఒకాయన పులిహోర డబ్బా తీశారు, ఇంకొకరు ఆవకాయ సీసా తీశారు. మేం కొండెక్కేసరికి పదకొండూ ఇరవై అయిదు. తలుపు దగ్గరున్నాయన కోప్పడలేదు. టికెట్ చూశాడు, గడియారం చూశాడు, అంతే. మిగతా టైములన్నీ నిండిపోయాయి. లైబ్రరీ బయట గోడ ముందు గ్రూప్ ఫొటో దిగి వచ్చేశాం. ఇంటికెళ్ళి ఆ ఫొటో చూపించి "లోపల ఏముంది?" అంటే ఏం చెబుతారు? ఆ టెన్షన్ నాకు చాన్నాళ్ళు పోలేదు.

రెండోసారి దొరికిన గైడ్ వల్లే ఈ ప్రసంగం. యాభై దాటిన ఆవిడ, ఇదే యూనివర్సిటీలో చదువుకున్నావిడ. పేరు చెప్పను, అక్కడి మనుషులు మొహమాటస్తులు.

మా ఫీల్డ్‌లో 'విస్పర్' అని ఒక వస్తువుంది. మెడలో చిన్న డబ్బా, చెవిలో ఇయర్‌ఫోను. గైడ్ మైకులో గొంతు పెంచకుండా మాట్లాడినా, చివర ఎక్కడో ఐస్‌క్రీం కొనుక్కుంటున్నవాళ్ళకి కూడా చెవిలో చెప్పినట్టు వినబడుతుంది. మంచి వస్తువే. కాకపోతే చెవిలో గైడ్, చేతిలో ఫోను, ఊరు మాత్రం ఎక్కడో బయట ఉండిపోతుంది. చాలామంది రెండో చెవిలో సొంత ఇయర్‌ఫోను కూడా పెట్టుకుంటారు, ఇంటికి వీడియో కాల్ చేయడానికి. ఆవిడ మమ్మల్ని ఓసారి చూసి మొట్టమొదట చెప్పిన మాట ఇది: "ఒక చెవి ఖాళీగా ఉంచండి. నేను ఆగినప్పుడు ఆ రెండోది కూడా తీసేయండి."

ఇంకో పని చేసిందావిడ. బస్సుని నది దగ్గర ఆపనివ్వలేదు, సరాసరి కొండ మీదికి పోనిమ్మంది. పైనుంచి కిందికి దిగుతూ చూడాలి గానీ కిందనుంచి ఎక్కకూడదట. మీలో ఎవరైనా వెళ్తే ఇది గుర్తుపెట్టుకోండి. అక్కడ యూనివర్సిటీ ముందు 'మహా మెట్లు' అని 125 మెట్ల వరస ఉంది. అవి ఎక్కాక లైబ్రరీ ఏమిటి, దేవుడు ప్రత్యక్షమైనా "కాసేపు కూర్చోనివ్వు స్వామీ" అంటాం. (నవ్వులు)

యూనివర్సిటీలోకి వెళ్ళే పెద్ద ద్వారాన్ని 'ఇనుప ద్వారం' అంటారు. 1634లో కట్టారు. దాని మీద ఇద్దరు రాజుల విగ్రహాలుంటాయి, దినిష్, మూడో జువావ్. 1290లో యూనివర్సిటీ పెట్టింది దినిష్. పెట్టింది లిస్బన్‌లో. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాల పాటు అది లిస్బన్‌కీ కోయింబ్రాకీ మధ్య ట్రాన్స్‌ఫర్ల మీద తిరిగింది. 1537లో మూడో జువావ్ "ఇక చాలు, ఇక్కడే ఉండండి" అని కోయింబ్రాలో తన సొంత కోటలోనే చోటిచ్చాడు. అందుకే ఆ క్లాసు గదులు రాజుగారి గదుల్లా ఉంటాయి. అవి రాజుగారి గదులే మరి. ఈ యూనివర్సిటీని, దాన్ని అంటిపెట్టుకున్న పాత ఊరిని 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ద్వారం దాటగానే పెద్ద ఆవరణ. మూడు వైపుల భవనాలు, నాలుగో వైపు ఖాళీ. అటు నుంచి చూస్తే కింద నది, ఎర్ర పెంకుల ఇళ్ళు. మావాళ్ళంతా సహజంగా ఆ ఖాళీ వైపు పరిగెత్తారు, సెల్ఫీలకి. ఆవిడ ఏమీ అనలేదు. అయిదు నిమిషాలు ఆగి మైకులో, "ఇప్పుడు తీసేయండి" అంది. తీశాం. నిలబడ్డాం. ఏమీ లేదు. గాలి. ఎక్కడో ఒక చక్రాల సూట్‌కేసు రాళ్ళ మీద టకటకలాడుతూ పోతోంది. అప్పుడు మోగింది గంట.

ఆవరణ మూలలో 34 మీటర్ల గడియారం టవర్ ఉంటుంది. 1728 నుంచి 1733 దాకా కట్టారు. అందులో గంటల్లో ఒకదాని పేరు 'కాబ్రా'. పోర్చుగీసులో కాబ్రా అంటే మేక. తోడుగా మేకపోతు అని ఇంకో గంట కూడా ఉంది. విద్యార్థులు పెట్టిన పేర్లు మరి, గౌరవంగా ఎందుకుంటాయి? పూర్వం సాయంత్రం మేక అరిచిందంటే కుర్రాళ్ళు వీధుల్లోంచి గదులకి పోయి పుస్తకం ముందు కూర్చోవాలి. పొద్దున గంట మోగితే క్లాసుకి రావాలి. అందుకని ఒకటి రెండుసార్లు కుర్రాళ్ళు టవర్ ఎక్కి గంట నాలుకనే ఎత్తుకుపోయారు. గంట మోగకపోతే క్లాసు లేనట్టే కదా! మా గ్రూపులో తెనాలి వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టారు ఒకరున్నారు. ఈ మాట వినగానే ఆయన ముఖం చూడాలి మీరు. "బాబూ, నా సర్వీసులో నాలుగుసార్లు పోయింది బడిగంట. సుత్తి ఒకటీ, గంటే మూడుసార్లూ" అన్నారు. (నవ్వులు) అప్పటిదాకా ఆయనకి కోయింబ్రా అంటే మోకాళ్ళ నొప్పి. ఆ క్షణం నుంచి సొంతూరైపోయింది.

ఇప్పుడు లైబ్రరీ. ఈసారి అరగంట ముందే వచ్చాం. హైవే మీద కాఫీ కట్.

దీని పేరు జువానినా లైబ్రరీ. అయిదో జువావ్ కట్టించాడు కాబట్టి ఆ పేరు. 1717లో మొదలుపెట్టి 1728కి పూర్తి చేశారు. అప్పట్లో బ్రెజిల్ నుంచి పోర్చుగల్‌కి బంగారం ఓడల్లో వచ్చిపడుతోంది. లోపలికి అడుగు పెడితే ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వరసగా మూడు పెద్ద గదులు. నేల నుంచి పైకప్పు దాకా పుస్తకాల బీరువాలు, వాటికి ఆకుపచ్చ, ఎరుపు, నలుపు రంగుల లక్క పూతలు, వాటి మీద బంగారు ముగ్గులు. చైనా బొమ్మల తరహాలో చిన్న చిన్న మనుషులు, పక్షులు. చివరి గదిలో రాజుగారి నిలువెత్తు చిత్రపటం. మన గుళ్ళో గర్భగుడి ముందు నిలబడితే మూడు ద్వారాల అవతల దేవుడు కనబడతాడే, అలా కనబడతాడు ఆయన. లైబ్రరీలో దేవుడి చోట తన బొమ్మ పెట్టించుకున్న మనిషిని ఏమనాలో నాకు తెలియదు. కానీ పుస్తకాలకి అంత ఖర్చు పెట్టాడు కాబట్టి ఊరుకుందాం.

మేం వెళ్ళినప్పుడు అక్కడ ఫొటోలు తీయనివ్వలేదు. మొదట అందరూ గొణిగారు. ఇరవై నిమిషాల్లో ఫొటో తీయకపోతే మనిషి ఏం చేస్తాడు? చూస్తాడు. మా పెద్దావిడ, కోయంబత్తూరు అన్నావిడే, ఒక బీరువా దగ్గర ఆగిపోయి నన్ను పిలిచారు. రెండు అరల మధ్య నిలువుగా సన్నటి సందు, దానికి చిన్న పిడి. "ఇదేంటి నాయనా?" గైడ్‌ని అడిగాను. నిచ్చెన! బీరువా మందంలో ఇమిడిపోయిన నిచ్చెన. లాగితే బయటికొస్తుంది, పని అయ్యాక తోస్తే లోపలికి పోతుంది. బయట చూస్తే నిచ్చెన ఉందనే తెలియదు. మూడు వందల ఏళ్ళ కిందటి వడ్రంగి పని. బంగారమంతా మరిచిపోయాను గానీ ఆ నిచ్చెన సందు మాత్రం ఇప్పటికీ కళ్ళముందుంది.

పుస్తకాలు సుమారు 60 వేలు. అన్నీ పాతవే, ఎక్కువగా 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా అచ్చయినవి. గోడలు రెండు మీటర్లకి పైగా మందం. బయట ఎండ మండిపోతున్నా, వాన పడుతున్నా లోపల వేడి, తేమ పెద్దగా మారవు. ఏసీ లేని రోజుల్లో గోడే ఏసీ. మన పాత మండువా ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక పిల్లలు ఎదురుచూసే సంగతి. ఆ లైబ్రరీలో గబ్బిలాలు కాపురముంటాయి.

(పిల్లల వైపు నుంచి కేకలు)

నిజం! బీరువాల వెనక సందుల్లో ఉంటాయి. పగలు కనబడవు. అరచేతిలో పట్టేంత చిన్నవి. మనింట్లో గబ్బిలం దూరితే ఏం చేస్తాం? చీపురు తీస్తాం, తర్వాత పంతులుగారికి ఫోన్ చేస్తాం. వాళ్ళు మాత్రం తరతరాలుగా వాటిని ఉండనిస్తున్నారు. ఎందుకో లైబ్రేరియన్ గారికి ముందే అర్థమైపోయింది, నవ్వుతున్నారు చూడండి. పాత పుస్తకం తెరిస్తే ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా తూటా దూసుకుపోయినట్టు బెజ్జం కనబడుతుంది కదా, దాన్ని మనం రామబాణం పురుగు అంటాం. నిజానికి అది ఒక చిన్న పెంకు పురుగు పిల్ల. తల్లి పురుగు ఎగురుకుంటూ వచ్చి గుడ్లు పెడుతుంది, పిల్ల పుట్టి కాగితాన్ని తొలుచుకుంటూ పోతుంది. పుస్తకం లోపల దూరిన పిల్లని గబ్బిలం ఏమీ చేయలేదు. కానీ రాత్రిపూట గదిలో ఎగిరే పురుగుల్ని, రెక్కల చిమ్మటల్ని తినేస్తుంది. గుడ్డు పడకముందే సంగతి తేల్చేస్తుందన్నమాట. మన దగ్గర తాళపత్రాలకి నిమ్మగడ్డి నూనె పూస్తారు, మధ్యలో వేపాకు పెడతారు. వాళ్ళకి వేపచెట్టు లేదు, గబ్బిలం ఉంది.

అయితే ఊరికే వస్తుందా సేవ? గబ్బిలం తింటుంది, తిన్నాక రెట్ట వేస్తుంది. ఆ బల్లలేమో ఖరీదైన చెక్కతో చేసిన పాత బల్లలు. అందుకని రోజూ సాయంత్రం మూసేముందు సిబ్బంది బల్లల మీద తోలు దుప్పట్లు పరుస్తారు. పొద్దున్నే వచ్చి దుప్పట్లు తీసి, గది శుభ్రం చేసి, అప్పుడు తలుపు తీస్తారు. ప్రతిరోజూ! నాకు ఆ బంగారం కంటే, రాజుగారి బొమ్మ కంటే ఇదే గొప్పగా అనిపించింది. ఎవరో ఒకరు పొద్దున్నే గబ్బిలం రెట్ట తుడవకపోతే ఆ వైభవం ఒక వారం కూడా నిలవదు. మన లైబ్రరీలో ఆ పని చేసే అమ్మ అదిగో తలుపు దగ్గర నిలబడింది. రండమ్మా, కూర్చోండి. కుర్చీ ఉంది.

ఆ లైబ్రరీ కింద అంతస్తులో ఒక జైలుంది. మేం వెళ్ళినప్పుడు ముందు అదే చూపించి తర్వాత పైకి పంపారు. యూనివర్సిటీకి సొంత చట్టం, సొంత న్యాయాధికారి, సొంత భటులు ఉండేవారు. విద్యార్థిని ఊళ్ళో దొంగలతో కలిపి ఊరి జైల్లో పెట్టకూడదు, మా పిల్లల్ని మేమే శిక్షించుకుంటాం అనే పద్ధతి. 1834 దాకా నడిచింది. రాతి గోడలు, ఇరుకు మెట్లు. ఇక్కడా ఆవిడ మైకు ఆపేసింది. పైన బూట్ల చప్పుడు వినబడుతోంది, మా ముందు బృందం వాళ్ళది. జైల్లో కూర్చున్న కుర్రాడికి నెత్తి మీద పుస్తకాల కోసం జనం నడుస్తున్న చప్పుడు వినబడేది కాబోలు. అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది అని మాస్టారు అన్నారు. ఆయన బెత్తం వాడిన కాలం మనిషి, అందుకే ఆ మాటకి విలువిచ్చాను.

టవర్ ఎక్కడం, చాపెల్‌లో ఆర్గాన్, వీటిని త్వరగా దాటేస్తాను. పెద్ద హాలు గురించి ఒక్క మాట. ఒకప్పుడు సింహాసనం ఉన్న గది అది. 1385లో మొదటి జువావ్‌ని రాజుగా ప్రకటించిన సభ ఆ కోటలోనే జరిగింది. ఇప్పుడు అక్కడ పీహెచ్‌డీ పరీక్షలు జరుగుతాయి. గోడల నిండా రాజుల పటాలు, మధ్యలో చెమటలు కక్కుతూ అభ్యర్థి. పరీక్ష ఉన్న రోజు టూరిస్టులకి ప్రవేశం ఉండదు, కాబట్టి ముందే కనుక్కుని వెళ్ళాలి. టూరిస్టులొచ్చారని అక్కడ చదువు ఆగదు. ఆ ఊళ్ళో నాకు నచ్చిన సంగతుల్లో ఇదొకటి.

బయటికొచ్చాక ఆవిడ మమ్మల్ని ఒక మామూలు భవనం ముందు నిలబెట్టింది. గణిత విభాగం. ఎవరూ ఫోన్ కూడా తీయలేదు, ఆఫీసు బిల్డింగులా బరువుగా, చదరంగా ఉంటుంది. 1940ల్లో నియంత సలాజార్ ప్రభుత్వం కొండ మీద పాత ఇళ్ళని పెద్ద ఎత్తున కూలగొట్టి, జనాన్ని వేరే చోటికి పంపేసి, ఇలాంటి భవనాలు కట్టడం మొదలుపెట్టింది. సలాజార్ ఇదే యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. ఊరిని చదువు చెప్పినవాడే పడగొట్టాడన్నమాట. ఇప్పుడు మేం నిలబడిన భవనం ప్రారంభోత్సవం 1969 ఏప్రిల్ 17న. దేశాధ్యక్షుడు అమెరికు తొమాష్ వచ్చాడు. విద్యార్థి సంఘం అధ్యక్షుడు అల్బెర్తు మార్తిన్ష్ అనే కుర్రాడు లేచి, విద్యార్థుల తరపున మాట్లాడతాను, అవకాశం ఇవ్వండి అని అడిగాడు. అంతే. అడిగింది అంతే. ఇవ్వలేదు. సభ ముగించి వెళ్ళిపోయారు. ఆ రాత్రి కుర్రాణ్ని అరెస్టు చేశారు. తర్వాత పరీక్షల బహిష్కరణ, పోలీసులు, కొందరు విద్యార్థుల్ని బలవంతంగా సైన్యంలోకి లాగడం. అప్పుడు పోర్చుగల్ ఆఫ్రికాలో యుద్ధాలు చేస్తోంది మరి. జూన్ 22న దేశపు కప్ ఫుట్‌బాల్ ఫైనల్. కోయింబ్రా విద్యార్థుల జట్టు అకాదెమికా, ఎదురుగా లిస్బన్ జట్టు బెన్‌ఫికా. కోయింబ్రా ఆటగాళ్ళు భుజాల మీద నల్ల శాలువాలతో మైదానంలోకి వచ్చారు, స్టేడియం నిండా నిరసన బ్యానర్లు. ఆ మ్యాచ్‌ని టీవీలో చూపించలేదు, అధ్యక్షుడు రాలేదు. ఆటలో 2–1తో ఓడిపోయారు. ఆ అల్బెర్తు మార్తిన్ష్ తర్వాతి కాలంలో దేశానికి న్యాయశాఖ మంత్రి అయ్యాడు.

ఆవిడ ఇదంతా చెప్పి ఊరుకుంది. నేను తెలుగులో చెప్పడం పూర్తయ్యాక ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం మాత్రం ఆవిడ అడిగితే వచ్చింది కాదు.

ఆ నల్ల శాలువా గురించి చెప్పాలి. విద్యార్థుల వేషం నల్లటి సూటు, దాని మీద మడమల దాకా వేలాడే బరువైన నల్ల ఉన్ని శాలువా. మే నెలలో 'రిబ్బన్ల దహనం' అనే పెద్ద పండుగ జరుగుతుంది, అప్పుడు ఊరంతా ఇవే. ఒక అమ్మాయి మెట్ల మీద కూర్చుని శాండ్‌విచ్ తింటుంటే దగ్గరగా చూశాను. శాలువా అంచంతా చిరుగులే. పేదరికం అనుకున్నాను. కాదట. చదువు సాగే కొద్దీ అమ్మానాన్నలు, స్నేహితులు, ఇష్టమైన మనుషులు ఒక్కొక్కరు ఒక్కొక్క చిరుగు పెడతారట. ఎంత చిరిగితే అంతమంది మనుషులున్నట్టు. మా పెద్దావిడ తన పట్టుచీర కొంగు వెంటనే నడుములో దోపుకున్నారు. (నవ్వులు)

అక్కడి నుంచి దిగుడు. పాత కెథెడ్రల్ వస్తుంది, 12వ శతాబ్దంది, చర్చి కంటే కోటలా ఉంటుంది. గోడ మీద ఒక రాయి మీద అరబ్బీ అక్షరాలున్నాయి. ఊరు చాలాకాలం ముస్లింల చేతుల్లో ఉంది, 1064లో చివరిసారి చేతులు మారింది. గైడ్ దీన్ని కట్టినవాళ్ళ పేర్లు చెబుతూ "మెష్త్రె రొబెర్తు" అంది. నేను తెలుగులో చెప్పబోయి ఆగిపోయాను. ఏమని చెప్పాలి? రాబర్ట్ మేస్త్రి! అదే మాట. పోర్చుగీసువాళ్ళు మన తీరానికొచ్చి వదిలిపెట్టి వెళ్ళిన మాట. ఆవిడకి చెబితే నమ్మలేదు. ఇక మావాళ్ళు ఆగుతారా? తువాలు, అలమర, బొత్తాం, అనాస, పీపా... ఒక్కొక్కటీ చెప్పడం, ఆవిడ నోరు తెరిచి "తువాల్యా! అర్మారియు! బొతావుం!" అనడం. పావుగంట చర్చి ముందు వేలంపాటలా నడిచింది. వేలం కూడా వాళ్ళ మాటేనట, ఆవిడే చెప్పింది. ఎనిమిది వందల ఏళ్ళ కెథెడ్రల్ వెనకే ఉంది, ఎవరూ తిరిగి చూడలేదు. మా ప్రోగ్రామ్‌లో లేని పావుగంట అది. తర్వాత ఎవర్ని అడిగినా లైబ్రరీ తర్వాత దాన్నే చెబుతారు.

కెథెడ్రల్ నుంచి కిందికి పోయే మెట్ల పేరు 'కెబ్రా కోస్తాష్', అంటే నడ్డి విరిచేవి. నున్నగా అరిగిన రాళ్ళు, వాన పడిందంటే చెప్పులు జారతాయి. దయచేసి బూట్లు వేసుకోండి. నేను ఇద్దర్ని చేయి పట్టి దించాను. "ఇంకెన్ని ఉన్నాయి బాబూ?" అని మాస్టారు, "ఇంకో పదే మాస్టారూ" అని నేను. ముప్ఫై సార్లు పదే చెప్పాను.

భోజనానికి నాన్‌వెజ్ వాళ్ళకి 'షన్‌ఫానా' పెట్టారు. ముదురు మేక మాంసం రెడ్ వైన్‌లో నానబెట్టి, నల్లటి మట్టి దాకల్లో, కట్టెల పొయ్యిలో గంటల తరబడి ఉడికిస్తారు. ఆ దాకల్ని చూస్తే మా అమ్మమ్మ చేపల పులుసు దాక గుర్తొచ్చింది. వెజిటేరియన్లకి ఉడికించిన బంగాళాదుంపలు, ఆవకాయ. ఆవకాయ మాదే.

నది అవతల ఇనేష్ కథ ఉంది. రాకుమారుడు పెద్రు ప్రేమించిన స్త్రీని 1355 జనవరి 7న రాజు చంపించాడు. అక్కడి తోటలో ఊట దగ్గర రాళ్ళ మీద ఎరుపు కనబడుతుంది, చాలామంది గైడ్లు ఇనేష్ రక్తం అని చెబుతారు. ఈవిడ మాత్రం "నాచు" అని చెప్పింది, చెప్పాక కథ కూడా చెప్పింది. నాకు అలాంటి గైడ్లంటే గౌరవం. పక్కనే పాత సాంతా క్లారా కాన్వెంట్. మొందేగు నది ప్రతి ఏడూ ముంచెత్తుతుంటే సన్యాసినులు నేల ఎత్తు పెంచుకున్నారు, చర్చి లోపలే పై అంతస్తు వేసుకున్నారు, చివరికి 1677లో వదిలేసి కొండ మీదికి పోయారు. తర్వాత శతాబ్దాల పాటు సగం బురదలో ఉండిపోయింది. తవ్వి, శుభ్రం చేసి 2009లో తెరిచారు. గోదావరి లంకల నుంచి వచ్చిన ఒక జంట ఉన్నారు మాలో. అందరూ బస్సెక్కినా వాళ్ళిద్దరూ గోడ మీద నీటి గుర్తు చూస్తూ నిలబడ్డారు. నేను పిలవలేదు.

టైమైపోతోందా లైబ్రేరియన్ గారూ? అయిదు నిమిషాలు. పాట చెప్పి దిగిపోతాను.

ఆ ట్రిప్పులో రాత్రి అక్కడే ఉన్నాం. పోర్చుగల్ పాట ఫాదు. లిస్బన్ ఫాదు వేరు, కోయింబ్రా ఫాదు వేరు. ఇక్కడిది విద్యార్థుల పాట. సంప్రదాయంగా మగవాళ్ళే పాడతారు, ఆ నల్ల శాలువాతోనే. గిటారు కూడా వేరు. పన్నెండు తీగలు, రెండేసి చొప్పున ఆరు జతలు. లిస్బన్ గిటారు కంటే ఒక స్వరం దించి శ్రుతి చేస్తారు. లిస్బన్ దానికి తల దగ్గర చుట్ట చుట్టినట్టు ఉంటుంది, ఇక్కడిదానికి కన్నీటి చుక్క ఆకారం చెక్కి ఉంటుంది. జోసె అఫోన్సో అనే గాయకుడు ఇక్కడ చదువుకుంటూ, ఇలాంటివి పాడుతూ ఎదిగినవాడే. 1974 ఏప్రిల్ 25న అర్ధరాత్రి దాటగానే రేడియోలో ఆయన పాట ఒకటి వేయడమే సైనికులకి సంకేతం. ఆ రోజుతో ఆ నియంతృత్వం పోయింది. 1969లో ఒక కుర్రాడికి మాట్లాడే అవకాశం ఇవ్వని ప్రభుత్వం, అయిదేళ్ళకి ఒక పాటతో మొదలైన రోజున పడిపోయింది.

చిన్న హాలు. ముగ్గురు మనుషులు. మొదలుపెట్టే ముందు గైడ్ మాకు చెప్పింది: "ఇక్కడ చప్పట్లు కొట్టరు. పాట నచ్చితే గొంతు సవరించుకున్నట్టు దగ్గుతారు." మావాళ్ళు నమ్మలేదు. మాస్టారే కారణం తేల్చేశారు: "అర్ధరాత్రి అమ్మాయి కిటికీ కింద పాడే పాటయ్యా ఇది. చప్పట్లు కొడితే అమ్మాయి నాన్న లేవడూ?" (నవ్వులు)

మొదటి పాట అయ్యింది. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. ఎవరి చెవిలోనూ ఏమీ లేదు, డబ్బాలన్నీ బస్సులోనే ఉన్నాయి. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. అప్పుడు మాస్టారు దగ్గారు. క్లాసులోకి వచ్చేముందు వరండాలో హెడ్మాస్టరు దగ్గే దగ్గు ఉంటుందే, అచ్చం అది. తర్వాత ఆయన భార్య. తర్వాత పెద్దావిడ. ముప్ఫై ఎనిమిది మంది తెలుగువాళ్ళం, ఆస్తమా ఆసుపత్రిలా దగ్గాం. పాడినాయన గిటారు ఆయన వైపు చూసి, శాలువా సర్దుకుని, తల వంచాడు.

ఉంటాను. చప్పట్లు వద్దు.

(సభలో దగ్గులు, చాలాసేపు)